చిలకలు లేని చోటు

డిటెక్టివ్ మద్దిలేటికి ఆ బుధవారం పొద్దున మంచం దిగబుద్ధి కాలేదు. మోకాళ్లు పట్టేశాయి, కళ్లు ఒకటే మంటలు. మదరాసు సి.ఐ.డి.లో ఏళ్లకేళ్లు దొంగల వెంట తిరిగి, ఇంక నా వల్ల కాదు బాబూ అని సొంత గడ్డకొచ్చి కర్నూల్లో కాళ్లు చాపుకున్న మనిషి ఆయన. చాపుకోనిస్తే కదా! ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన దగ్గర్నుంచీ ఏదో ఒక తగాదా వచ్చి ఆయన అరుగెక్కుతూనే ఉంది. ఈసారి అరుగెక్కింది జీవమ్మ అనే కూలిమనిషి. సోమవారం సాయంత్రం వచ్చింది, మంగళవారమంతా ఉంది, పొమ్మంటే పోలేదు. "నా మొగుడు ఎవర్నీ చంపల్యా సామీ, ఆదివారం మేము మా ఊర్లో చర్చిలో ఉంటిమి" అన్న ఒక్క మాట తప్ప మరో మాట లేదు. వాదించే మనిషికైతే జవాబు చెప్పొచ్చు, ఊరికే కూర్చునే మనిషిని ఏం చేస్తాం? విసుక్కుంటూనే చొక్కా తొడుక్కున్నాడు.

ఆమె మొగుడు గాబ్రియేలు, నందికొట్కూరు తట్టు పల్లె నుంచి వచ్చిన తాపీమేస్త్రీ. సర్కారు ఆఫీసులకు ఇళ్లు చాలక కర్నూల్లో పాత బంగళాలన్నీ అద్దెకు పోతున్న రోజులవి. కోడుమూరు దగ్గర భూములున్న తిమ్మారెడ్డికి ఊళ్లో ఒక బంగళా ఉంది. అదీ ఒక ఆఫీసుకు ఖాయమైంది. పాత రంగుల గోడలు పనికిరావు, గీకించి కొత్తగా సున్నపు గచ్చు పూయించి తెల్లగా అప్పజెప్పమని ఇంజినీరు షరతు పెట్టాడు. ఆ పని గాబ్రియేలు పట్టాడు. సోమవారం తెల్లారి మొగుడూ పెళ్లాలు పనికొచ్చి హాలు తలుపు తీసేసరికి, కావలిమనిషి దాసన్న తల వెనక పగిలి నేల మీద పడున్నాడు. పక్కన గాబ్రియేలు సుత్తి. ఎదురుగా గోడకు ఒక్కచోట మాత్రం, తలుపంత మేర, ఎవరో అప్పటికే గచ్చు చేసి పెట్టారు. పోలీసులకు ఇంకేం కావాలి?

మద్దిలేటి వెళ్లేసరికి బంగళా వసారాలో ఇన్‌స్పెక్టర్ ఓబులరెడ్డి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. స్తంభం దగ్గర, పంచనామాకని తీసుకొచ్చిన గాబ్రియేలు, చేతులకు గొలుసు, తల వంచుకుని ఉన్నాడు. ఓబులరెడ్డి ఒకప్పుడు మద్దిలేటి కింద పనిచేసినవాడే. పాత పై అధికారిని చూస్తే కొందరికి గౌరవం పెరుగుతుంది, కొందరికి చెయ్యి మీసం మీదికి పోతుంది. ఓబులరెడ్డి రెండో రకం.

"ఏం మద్దిలేటన్నా, ఇంట్లో పొద్దుపోతాల్యా? కూలోళ్ల కేసులు గూడ ఎత్తుకుంటాండావు."

"పోయేదే. నువ్వు పట్టుకున్నోళ్ల మనుషులంతా నా అరుగు మిందికి వస్తాంటే ఎట్లా పోతాది?"

"వచ్చినా ఏం లాభం ల్యా. సుత్తి వానిది. సున్నం పని వానికి దప్ప ఇంట్లో ఇంగెవరికీ రాదు. ఆదివారం యాదో మాటకు దాసన్నతో కొట్లాడినాడు, కొట్టినాడు. నెత్తురు గోడ మింద పడింటాది, దాని మింద గచ్చు మెత్తినాడు."

"ఆదివారం వాడు ఊర్లో చర్చిలో ఉండె గదా."

"ఎవరు చెప్పినారు? వాళ్లోళ్లే. వాళ్లకోసం వాళ్లు చెప్పరా ఏంది? మూడు గంటలకు మేజిస్ట్రేటు ముందర నిలబెడ్తా. ఆలోపల నీ సోద్యం నువ్వు చూసుకో."

వయసులో ఉన్నప్పుడైతే మద్దిలేటి ఈ మాటకు ఓ అరగంట పోట్లాడేవాడు. ఇప్పుడు ఆ అరగంట కూర్చోవడానికి దొరికితే చాలనిపిస్తోంది. జీవమ్మను పిలుచుకుని హాల్లోకి వెళ్లాడు.

గోడంతా గాట్లు. గాట్ల మధ్య వెలిసిపోయిన పాత బొమ్మలు, చిలకలు, తీగలు, అక్కడో రెక్క, ఇక్కడో ముక్కు. నడుమ ఆ కొత్త గచ్చు.

"మీ పని ఎట్లా చేస్తారో మొదట్నుంచీ చెప్పు" అన్నాడు మద్దిలేటి, ఒక పాత పెట్టె మీద కూలబడి.

"ఏముండాది సామీ. రంగు మింద సున్నం నిల్చదు. నున్నగుంటాది గదా, జారి పడిపోతాది. అందుకని ముందు రంగు గీకల్ల. మల్ల సుత్తితో గోడంతా గాట్లు పెట్టల్ల. పొరకతో దుమ్ము దులిపి నీళ్లు కొట్టల్ల. గోడ కడుపునిండా తాగినాంకనే సున్నం."

"శనివారానికి ఎంతవరకు చేస్తిరి?"

"గాట్లు పెట్టేది అయిపాయ. ఒగ తూరి నీళ్లు కొడ్తిమి. సోమవారానికని సున్నం నూరి, తడి గోనెపట్ట కప్పి పెడ్తిమి. ఆదివారం ఆరాధనకు పోవల్ల గదా, పొద్దు గూకకముందే ఊరికి బయలెల్లితిమి. సుత్తి ఈడనే ఉండె."

"గీకేటప్పుడు ఏమన్నా కనపడెనా?"

జీవమ్మ గోడ వైపు తిరిగింది. "పైన పచ్చరంగు సామీ. దాని కింద ఈ బొమ్మలు. గోడంతా ఉండాయి. ఇప్పుడు గచ్చు ఉండాదే, ఆడ మాత్రం చిలకలు ల్యావు. పచ్చరంగు కింద ఉత్త మట్టి. మా ఆయప్ప సుత్తి పెడ్తే బోలు సద్దు వచ్చె. దాసన్న పక్కన్నే ఉండి, లంకెబిందెలుంటాయేమోరా అని నవ్వె."

మద్దిలేటి నుదురు రుద్దుకున్నాడు. ఈ సీమలో పాతగోడ బోలుగా మోగిందంటే విన్నవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. నిధి పిచ్చితో కొండలు తవ్వినవాళ్లను, కోట గోడలు తవ్వినవాళ్లను ఆయన తన సర్వీసులో చాలామందినే చూశాడు. దాసన్న కూడా పనివాళ్లు లేని సమయం చూసి ఆదివారం గడ్డపార పట్టుకుని ఉంటాడు. గోడ వైపు తిరిగి తవ్వుతున్నవాడి తల వెనక దెబ్బ వేయడం ఎవరికైనా సులువే.

లేచి గచ్చు దగ్గరికి వెళ్లాడు. ఆరిన చోటల్లా సన్నగా తెల్లటి పొడి పొంగింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు.

"మీరు గోడకు ఏ నీళ్లు కొడ్తారు?"

"ఆ పీపాలో నీళ్లు సామీ. తుంగభద్ర నీళ్లు, బండి మింద వస్తాయి. పెరట్లో బాయి ఉండాది గానీ అవి ఉప్పునీళ్లు. గోడకు పోస్తే చవుడెక్కి, యాడాది తిరక్కుండా గచ్చంతా రాలిపోతాది."

"ఆదివారం ఈ పీపాలో నీళ్లుండెనా?"

"నిండుగుండె. సోమవారం పొద్దన చూస్తి గదా, ఒగ చెంబు గూడ తగ్గల్యా."

పీపా గోడకు రెండడుగుల దూరంలోనే ఉంది. బావి పెరట్లో ఆ చివర. మంచినీళ్లు చేతికందేంత దూరంలో పెట్టుకుని, పెరడంతా దాటిపోయి ఉప్పునీళ్లు తోడుకొచ్చి గచ్చు కలిపారెవరో. మద్దిలేటి ఆ మాట పైకి అనలేదు. ఇంటాయన్ని పిలవమన్నాడు.

తిమ్మారెడ్డి యాభై దాటిన మనిషి, పంచె నలగకుండా కట్టాడు గానీ ముఖం నలిగిపోయి ఉంది. దాసన్న పోయినందుకు నిజంగానే బాధపడుతున్నాడు. ఆదివారం తాను పల్లెలో ఉన్నానన్నాడు. పదిమంది చూసిన సంగతే, ఓబులరెడ్డి కూడా ఒప్పుకున్నాడు.

"బంగళాలో ఎవరుండిరి?"

"మా అక్క తిరుపతమ్మ. వెనక గదుల్లో ఉంటాది. మధ్యాన్నం పండుకోని ఉండె, ఏం ఇనపడల్యా అంటాది."

"నీకొక తమ్ముడుండె అని ఊర్లో అంటారే, యాడుండాడు?"

తిమ్మారెడ్డి కళ్లు దించుకున్నాడు. "నారాయణ. పసిబిడ్డప్పట్నుంచీ అక్క సాకిన బిడ్డ. పాయి పన్నెండేండ్లాయె. సన్నాసుల్లో కలుస్తానని మంత్రాలయం తట్టు పాయ. అక్కకు చెప్పి పాయ, నాకు మాత్రం చెప్పల్యా. ముందురోజు ఇద్దరం భాగాల మింద మాటామాటా అనుకుంటిమి. నేను బాగా తాగింటి. ఏమంటినో ఏమో, మనసు ఇరిగి పోయినాడు. ఆ పొద్దు నుంచీ సారాయి ముట్టల్యా. ఏటేటా ఆరాధనకు మంత్రాలయం పోతా, కాషాయం కట్టిన ప్రతోని మొగం చూస్తా. కనపడ్తే కాళ్లు పట్టుకుందామని."

వినడానికి మద్దిలేటికే కష్టమనిపించింది. కానీ అడగాల్సింది ఇంకొకటుంది.

"ఈ గోడకు పచ్చరంగు ఎప్పుడు కొట్టిచ్చినారు?"

"వాడు పోయిన ఏడే. అక్కే కొట్టిచ్చె. చిన్నప్పుడు వాడు ఈ చిలకల్తో మాట్లాడుతాండె, చూస్తే కడుపు తరుక్కుపోతాది అనె. ఇప్పుడు గీకేదానికి గూడ ఒప్పుకోల్యా. పచ్చరంగు మిందనే సున్నం కొట్టి ఇచ్చేయమని పోరు పెట్టె. ఇంజినీరు వినల్యా."

మద్దిలేటికి ఇక ఎవర్నీ ఏమీ అడగబుద్ధి కాలేదు. ఇలాంటివి ముందే తెలిసిపోవడం ఈ వృత్తిలో ఉన్న శాపం. హాలు కిటికీలన్నీ మూయించి, పక్క కిటికీ ఒక్కటి ఓరగా తెరిపించాడు. ఎండ గోడ వెంబడి అడ్డంగా పడింది. ఎదురు వెలుగులో నున్నగా కనిపించిన గచ్చు మీద ఇప్పుడు గీతలు తేలాయి. అర్ధచంద్రాకారాలు, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి, పైనుంచి కిందిదాకా.

"ఓబులరెడ్డీ, ఇట్ల రా. ఇదేందో చెప్పు."

ఓబులరెడ్డి వచ్చి చూశాడు. చూడగానే అతని చెయ్యి మీసం మీంచి దిగింది. పల్లెలో పుట్టిన ఎవరికైనా తెలిసే గుర్తు అది.

"అలుకు గదా" అన్నాడు నెమ్మదిగా.

"అలుకే. తాపీమేస్త్రీ ఇనుప తాపీతో మెత్తుతాడు, చెక్కతో సాపు చేస్తాడు. ఇది అరచేత్తో అలికింది. పల్లెలో ఆడది పేడనీళ్లు పెట్టి ఇల్లు అలికినట్ల అలికినాది. మనసు యాడున్నా చెయ్యి దానికి వచ్చిన పనే చేస్తాది. దాసన్నను చంపి ఈ గోడ పూడ్సింది ఆడమనిషి. గాబ్రియేలు గాదు."

మద్దిలేటి ఊపిరి పీల్చుకున్నాడు గానీ అంతలోనే ఓబులరెడ్డి నవ్వాడు. ఆ నవ్వు వినగానే తాను చేసిన పని తెలిసొచ్చింది.

"శానా మేలు చేస్తివన్నా. ఆడమనిషి అంటివి. సున్నం యాడుండాదో తెలిసినాది, సుత్తి యాడుండాదో తెలిసినాది, పల్లెలో ఇల్లలికే ఆడమనిషి. నీ పక్కనే నిలబడుకోనుండాది గదా." కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "జీవమ్మను పట్టుకోరా."

వసారాలో గొలుసు గలగలమంది. గాబ్రియేలు లేచి గుమ్మంలోకి వచ్చాడు. రెండురోజులుగా దెబ్బలు తిని కూడా నోరు విప్పని మనిషి ఇప్పుడు విప్పాడు.

"నేనే చంపినా సామీ. అది ఊర్లోనే ఉండె. దాన్నిడ్చిపెట్టండి."

"విన్నావా అన్నా? ఒకర్ని ఇడిపిస్తావనుకుంటే ఇద్దరు దొరికిరి" అన్నాడు ఓబులరెడ్డి.

జీవమ్మ మొగుడి వైపు చూసి, "అబద్ధాలాడొద్దు. దేవుడు చూస్తాండాడు" అంది. ఇద్దరూ ఏడుస్తున్నారు. మద్దిలేటికి తన మీద తనకే కోపం వచ్చింది. మెడకు పడిన ఉచ్చు తీయబోయి పక్క మెడకు తగిలించాడు. ఆ కోపంలోనే చెంబు తీసుకుని పీపాలో ముంచి, నిండు చెంబు నీళ్లు గోడ మీద ఛళ్లున కొట్టాడు. మళ్లీ ముంచాడు, మళ్లీ కొట్టాడు. మూడోసారి ముంచేసరికి వెనక గది తలుపు తెరుచుకుంది.

"ఏమప్పా, ఒళ్లు తెలిసే చేస్తాండావా? తాగే నీళ్లు గోడకు పోస్తారా? బాయి ఉండాది గదా."

తిరుపతమ్మ. తెల్లచీర, పెద్ద మనిషి, ఇంకా నిటారుగానే ఉంది. కొంగు కింద చేతులు దాచుకుంది.

"బాయి నీళ్లు ఉప్పునీళ్లు గదమ్మా, గోడకు పనికిరావంట."

"గోడకు ఏ నీళ్లయితే ఏం? బిందెడు మంచినీళ్ల కోసరం కోసుల దూరం నడిచిన కొంపలో పుట్టినా నేను. ఈ పనోళ్లకు చెప్పి చెప్పి నా నోరు పడిపాయ."

తిమ్మారెడ్డి అయితే ఈ మాటలో వినడానికి ఏముందన్నట్టు చూస్తున్నాడు. ఓబులరెడ్డి మాత్రం తెల్లగా ఉప్పు పొంగిన గచ్చును చూశాడు, నిండు పీపాను చూశాడు. మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు.

"జీవమ్మ దినామూ ఈ పీపాలో నీళ్లే గోడకు కొడ్తాండె" అన్నాడు మద్దిలేటి. "దాని చెయ్యి బాయి కాడికి పోదు. అంత తొందరలో గూడ మంచినీళ్లు ముట్టకుండా, ఉప్పునీళ్లు తోడుకోని వచ్చిన చెయ్యి వేరే. అమ్మా, కొంగు తీసి ఒగతూరి చేతులు చూపిచ్చు."

తిరుపతమ్మ తనే చేతులు బయటికి తీసింది. అరచేతుల నిండా వెన్న రాసుకుని ఉంది. వెన్న కింద చర్మం పొరలు లేచి, వేళ్ల సందుల్లో ఎర్రగా పుండ్లు పడింది. అలవాటు లేని చేతుల్ని సున్నం అట్లాగే తింటుంది.

"అక్కా" అన్నాడు తిమ్మారెడ్డి.

ఆమె తమ్ముడి వైపు చూడలేదు. మద్దిలేటితోనే మాట్లాడింది. "దాసన్నను నేనే చంపితి. ఆ మొగుడు పెళ్లాల్ని ఇడ్చిపెట్టండి. వాళ్లేం చేయల్యా. రాసుకోండి, వేలిముద్ర ఏస్తా. ఒగటే మాట. ఆ గోడ జోలికి పోవద్దండి. ఉన్నది ఉన్నట్ల సున్నం కొట్టిచ్చి సర్కారోళ్లకు ఇచ్చేయండి."

మద్దిలేటి ఆమె కళ్లలోకి చూశాడు. ఎందరో నేరస్థుల కళ్లు చూశాడు గానీ ఉరికి సిద్ధపడి ఇంకేదో కాపాడుకుంటున్న కళ్లు అరుదు. నిజం చెప్పాలంటే ఆయనకు సరే అనాలనిపించింది. గాబ్రియేలు బయటపడితే తన పని అయిపోయినట్టే. ఇంటికి పోయి పడుకోవచ్చు. లోపల ఏముందో ఆయనకు ఇంచుమించు తెలుసు, అది చూడాలని ఏ కోశానా లేదు.

"అట్ల కుదరదు" అన్నాడు ఓబులరెడ్డి. "పెద్ద రెడ్డి ఇంటి ఆడబిడ్డ కావలివాన్ని ఉత్త పుణ్యానికి చంపె అంటే కోర్టులో ఎవరు నమ్ముతారు? రేపు వకీలు పెట్టుకోని, బెదిరిచ్చి ఒప్పిచ్చినారు అంటే? అప్పుడు నా చేతిలో ఉండేది మల్ల గాబ్రియేలు సుత్తే. కారణం కావల్ల. కారణం లేనిదే వాని గొలుసు తియ్యను."

ఆ రోజు మొత్తానికి ఓబులరెడ్డి అన్న సరైన మాట అదొక్కటే, అదీ ఎక్కడ అనకూడదో అక్కడ అన్నాడు. గుమ్మంలో జీవమ్మ మొగుడి చేతుల్ని గొలుసుతో సహా పట్టుకుని నిలబడి ఉంది. మద్దిలేటి తిరుపతమ్మకు దండం పెట్టి, మూలనున్న గడ్డపార తీసుకున్నాడు.

"వద్దప్పా" అందామె. "నీకు పుణ్యముంటాది."

"పుణ్యం నాకెప్పుడో అయిపాయనమ్మా."

ఉప్పెక్కిన గచ్చు రెండు పోట్లకే పెళ్లలుగా రాలింది. దాని వెనక దాసన్న తవ్విన కన్నం, దానికడ్డంగా కుక్కిన రాళ్లూ మట్టీ. రాళ్లు ఒక్కొక్కటీ తీస్తుంటే లోపల పాతకాలపు గూడు, మనిషి ముడుచుకుని కూర్చునేంత గూడు బయటపడింది. మద్దిలేటి దీపం తెప్పించి లోపలికి చూపి, వెంటనే పక్కకు తప్పుకున్నాడు. గూట్లో ఎముకలు మోకాళ్లు ముడుచుకుని ఉన్నాయి. తల ఒక పక్క లోపలికి చొట్టపోయింది. పుచ్చిపోయిన పంచె పోగుల మధ్య వెండి మొలతాడు.

తిమ్మారెడ్డి ఆ మొలతాడును గుర్తుపట్టాడు. మోకాళ్ల మీద కూలబడి, "నారాయణా, ఈడ ఉండావారా నువ్వు" అని పెద్దగా ఏడ్చాడు. పన్నెండేళ్లు మంత్రాలయంలో వెతికిన మనిషి ఏడుస్తుంటే కానిస్టేబుల్ కూడా టోపీ తీసేశాడు.

"వాన్ని గూడ నేనే చంపితి" అంది తిరుపతమ్మ. "భాగాలు కావల్లని మొండికేసె, కోపంలో కొడ్తి. ఇద్దర్నీ నేనే. ఇంగేం అడగొద్దండి."

"కారణం దొరికె" అన్నాడు ఓబులరెడ్డి, కాస్త తగ్గి. గాబ్రియేలు గొలుసు తీయమని సైగ చేశాడు. జీవమ్మ మొగుణ్ని పట్టుకుని వసారాలోకి నడిపించుకుపోయింది. మద్దిలేటి గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆమె అబద్ధమాడుతోందని ఆయనకు తెలుసు. పసిబిడ్డప్పటి నుంచి చేతులతో పెంచినవాణ్ని భూముల కోసం చంపే మనిషి కాదామె. కానీ గాబ్రియేలు బయటపడ్డాడు. మిగతాది ఆమె మోస్తానంటే మోయనీ అనుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక కేసును సగంలో వదిలేయడానికి మనసు ఒప్పుకుంది.

అప్పటికే తిమ్మారెడ్డి గూట్లోకి చెయ్యి పెట్టాడు. తమ్ముడి ఎముకల్ని పరాయివాళ్లు ముట్టకూడదని, తనే ఒక్కొక్కటీ తీసి కండువా మీద పెడుతున్నాడు. ఎముకల కింద చేతికి ఏదో తగిలింది. బయటికి లాగాడు. చేతికర్ర. నడిమికి విరిగిన రెండు ముక్కలు, పైన వెండి పిడి. పిడి మీద మట్టిని బొటనవేలితో తుడిచాడు. ఏడుపు ఆగిపోయింది.

"ఇది నాయన నాకిచ్చిన కర్ర గదా" అన్నాడు. "తాగి హంద్రీ ఏట్లో పారేసుకున్నావని నువ్వే చెప్తివి గదక్కా."

అంతవరకూ నిటారుగా నిలబడిన తిరుపతమ్మ గోడ పట్టుకుంది. తమ్ముడి దగ్గరికి పోయి, పుండ్లు పడిన చేతులతో ఆ కర్రముక్కలు లాక్కోబోయింది. ఆయన ఇవ్వలేదు. విరిగిన కర్రను, చొట్టపోయిన తలను, అక్క ముఖాన్ని మార్చి మార్చి చూశాడు.

"ఆ పొద్దు నేనేం చేస్తినక్కా?"